రైల్వే నమూనాలో ఓడరేవు దృశ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో రైల్వే నమూనాలు కట్టే మిత్రులు, ముఖ్యంగా ఒక చిన్న స్టేషను పూర్తిచేసి తరువాతి పనిగా ఓడరేవును తలపెట్టినవారు, నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. మా ఇంటి మేడ గదిలో ఇప్పటివరకు రెండు రేవులు కట్టాను. మొదటిది నాలుగేళ్లు ఉండి విప్పేయవలసి వచ్చింది. రెండోది ఇప్పటికీ నడుస్తోంది. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ మొదటి రేవు నేర్పినవే.

సముద్రం కనబడని విజయవాడలో ఉండి ఓడరేవును నమ్మదగినట్టు కట్టగలమా?

కట్టగలం. రేవు దృశ్యం నిజమనిపించేదీ అబద్ధమనిపించేదీ నీరు గోడను తాకే గీత దగ్గరే. ఆ గీతను నేర్చుకోవడానికి మన ఊరు చాలా అనువైనది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పోతాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు, నీరు ఏయే ఎత్తుల్లో నిలిచిందో ఆ గుర్తులన్నీ గట్టు గోడల మీద చారలు చారలుగా బయటపడతాయి: అడుగున నల్లని బురద, దాని పైన ఎండిన పాచి, ఆ పైన తడి ఆరిన సిమెంటు బూడిద రంగు. ఆ గోడలను ఉదయపు ఎండలో ఫోటోలు తీసి దాచుకోండి. ఇక బళ్ల సంగతికి వస్తే, చెన్నై, హౌరా ప్రధాన మార్గం మీద ఉన్న మన జంక్షనులో గూడ్సు రేకులు, అంటే ఒకటిగా నడిచే వ్యాగన్ల వరసలు, ప్రతిరోజూ కనిపిస్తాయి. వ్యాగన్ల మీద మట్టి ఎక్కడ పడుతుందో, తుప్పు ఏ అంచు నుంచి మొదలవుతుందో చూడడానికి అంతకన్నా మంచి బడి లేదు.

విశాఖపట్నం రేవును కట్టాలా, వేరే రేవునా?

ఈ ప్రశ్నకు జవాబు కొలతబద్దతోనే చెప్పాలి. విశాఖ రేవు 1933లో మొదలైంది. 1960ల్లో కొత్తవలస, కిరండూల్ మార్గం పడి బైలడిల్లా ఇనుప ఖనిజం దిగివచ్చింది. 1976లో వెలుపలి హార్బరు వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ, ఖనిజపు ఎర్ర ధూళి, పెద్ద క్రేన్లు, ఇవన్నీ నమూనాకు ఎంతో ఆకర్షణ కలిగించేవే. అయితే అక్కడికి వచ్చే 225 మీటర్ల పొడవైన సరుకు ఓడను 1:87 నిష్పత్తిలో చేస్తే 2 మీటర్ల 59 సెంటీమీటర్లు అవుతుంది. సగం గదిని ఓడే ఆక్రమిస్తుంది. నా మొదటి రేవులో ఆ ఓడను 1 మీటరుకు కుదించాను. పక్కన నిలబెట్టిన వ్యాగన్లు సరైన కొలతలో ఉండడంతో ఆ కుదింపు ప్రతి చూపులోనూ బయటపడేది. చివరకు నేనే దానివైపు చూడడం మానేశాను.

అందుకే నేను మిత్రులందరికీ కాకినాడను సూచిస్తాను. అక్కడి పాత లంగరు రేవు పద్ధతిలో పెద్ద ఓడలు హోప్ ఐలాండ్ చాటున ఉన్న అఖాతంలో, తీరానికి దూరంగా లంగరు వేసుకుంటాయి. సరుకు కాలువలోంచి బార్జీల మీద, అంటే చదునైన అడుగు గల సరుకు పడవల మీద, వాటి దగ్గరికి పోతుంది. అంటే మన కళ్ల ముందు ఉండవలసినది ఓడ కాదు, బార్జీ. 30 మీటర్ల బార్జీ 1:87లో 34.5 సెంటీమీటర్లే. నాలుగు బార్జీలను ఒకదాని పక్కన ఒకటి కట్టినా బల్ల మీద ఇంకా చోటు మిగులుతుంది. పెద్ద ఓడను వెనుక తెర మీద, దిగంతంలో మసకగా, వేలెడంత పొడవున చిత్రిస్తే చాలు. కుదించవలసిన అవసరం లేకుండా రేవు మొత్తం కథ అందులో ఇమిడిపోతుంది.

ఒక్క విషయం మాత్రం ముందే ఒప్పుకోవాలి. పట్టాలు, గోడౌను, కాలువ మూడింటినీ అడుగు దూరంలోకి తెచ్చే దృశ్యం కాకినాడలోని ఏ ఒక్క చోటుకీ అచ్చమైన నకలు కాదు. అది సామర్లకోట నుంచి వచ్చే శాఖా మార్గపు చివరన ఉండదగిన ఊహారేవు. దానికి ఒక ఊహాపేరు పెట్టుకోవడమే నిజాయితీ.

ఏ స్కేలు మేలు?

మన బ్రాడ్ గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు. 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేలులో అది 19.3 మి.మీ. కావాలి, కానీ దుకాణాల్లో దొరికే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మి.మీ. ఎందుకంటే ఆ ప్రమాణం 1435 మి.మీ. గేజి గల దేశాల కోసం ఏర్పడింది. 1:160 నిష్పత్తి గల ఎన్ స్కేలులోనూ ఇదే ఇబ్బంది: 10.5 మి.మీ. ఉండవలసిన చోట 9 మి.మీ. మాత్రమే ఉంటుంది. మామూలు స్టేషనులో ఈ తేడా ఇంజను ముందు నుంచి చూసినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. రేవులో మాత్రం పట్టాలు నేలలో పూడి ఉంటాయి, స్లీపర్లు కనబడవు, కాబట్టి వెడల్పును పోల్చుకోవడానికి కంటికి ఆధారం దొరకదు. గేజి తేడాను మరిపించే దృశ్యాల్లో రేవును మించినది నాకు తెలియదు.

6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చోటు ఉంటే హెచ్‌ఓ తీసుకోండి. పడవల తాళ్లు, హమాలీల భంగిమలు, బస్తాల కుట్లు అందులోనే చెప్పగలం. అపార్ట్‌మెంటు గదిలో 4 అడుగులే ఉన్నవారికి ఎన్ స్కేలే దారి.

బల్లకు ఏ చెక్క వాడాలి?

12 మి.మీ. ప్లైవుడ్. సాధారణ రకానికి ఐఎస్ 303 అనీ, నీటిని తట్టుకునే మెరైన్ రకానికి ఐఎస్ 710 అనీ ముద్ర ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరిలో వానాకాలపు తేమను, చెదను దృష్టిలో పెట్టుకుంటే రెండో రకానికి పెట్టే అదనపు డబ్బు వృథా కాదు. కింది వైపు కూడా ఒక పూత వార్నిష్ వేయండి. పైన మాత్రమే పూత వేసిన చెక్క ఒకవైపే తేమ పీల్చి వంగుతుంది.

ముందు పట్టాలు వేయాలా, ముందు నీటిని చేయాలా?

ముందు నీటి మట్టం నిర్ణయించాలి. మొదటిసారి కట్టేవారిలో చాలామంది బల్ల మీద నేరుగా పట్టాలు వేసి, ఆ తరువాత నీటి కోసం బల్లను కోయడానికి సిద్ధమవుతారు. దానికి బదులు బల్ల ఉపరితలాన్నే నీరుగా భావించి, రేవు నేలను దాని మీద పైకి లేపండి. గట్టు అంచు నుంచి నీటికి 2 మీటర్ల లోతు ఉందనుకుంటే హెచ్‌ఓలో 23 మి.మీ. ఎత్తు చాలు. రెండు వరసల 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు పేరిస్తే ఆ ఎత్తు దానంతట అదే వస్తుంది.

నీటిని దేనితో చేయాలి? రెజిన్ పోయాలా?

పోసిన తరువాత గాజులా గట్టిపడే ద్రవమైన రెజిన్ చాలామందికి మొదట తోచే మార్గం; ఈ దృశ్యానికి నేను దాన్ని సిఫారసు చేయను. రెజిన్ గొప్పతనం లోతు కనబడడంలో ఉంది. కాలువ రేవులో నీరు మురికిగా, బురదగా ఉంటుంది; జానెడు లోతు కూడా కనబడదు. కనబడని లోతు కోసం డబ్బు పోయడం అనవసరం.

ఎలాగైనా పోస్తామనేవారు మూడు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, ఆటోనగర్‌లో ఫైబర్ పనులకు వాడే పాలిస్టర్ రెజిన్ థర్మోకోల్‌ను కరిగిస్తుంది. నా మొదటి రేవులో గట్టు లోపల థర్మోకోల్ పెట్టి, సందుల్లోంచి రెజిన్ దిగుతుందని ఊహించక పోశాను. అరగంటలో గట్టు కుంగిపోయింది. ఎపాక్సీ అనే మరో రకం రెజిన్‌కు ఆ గుణం లేదు. రెండోది, ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మే నెల గదిలో ఆ వేడి మరింత పెరిగి, డబ్బాలో కలిపిన మిశ్రమం పోయకముందే చిక్కబడుతుంది, మందంగా పోస్తే పగులుతుంది. 3 మి.మీ. మించకుండా పొరలు పొరలుగా, తెల్లవారుజామున పోయాలి. మూడోది, వానాకాలపు తేమలో గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డుగా తెల్లని పొర ఏర్పడుతుంది. డిసెంబరు, జనవరి నెలలే ఆ పనికి అనుకూలం.

నేను ఇప్పుడు వాడే పద్ధతి ఇది. నున్నగా రుద్దిన బల్ల మీద సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి, పలుచని టిష్యూ కాగితం పరిచి, తడి కుంచెతో చిన్న చిన్న ముడతలు వచ్చేలా నెమ్మదిగా తోయాలి. ముడతల ఎత్తును కొలతతోనే ఆలోచించాలి. హెచ్‌ఓలో 1 మి.మీ. ముడత అసలు నీటిలో 8.7 సెంటీమీటర్ల అల. గాలికి కదిలే కాలువకు అది సరిపోతుంది. 5 మి.మీ. ముడత అంటే 43 సెంటీమీటర్ల అల, అది కట్టి ఉంచిన బార్జీలను గోడకేసి కొట్టే నీరు. కాగితం రెండు రోజులు ఆరిన తరువాత రంగు, ఆ పైన నిగనిగలాడే వార్నిష్ ఐదారు పలుచని పూతలు వేయాలి. ఒక్కొక్క పూత మధ్య ఒక రోజు ఆగండి. తొందరపడితే పాలలాంటి తెల్లదనం లోపల చిక్కుకుపోతుంది.

నీటికి ఏ రంగు?

నీలం వద్దు. నీటిలో మనం చూసే నీలం చాలావరకు ఆకాశపు ప్రతిబింబం. వార్నిష్ వేసిన ఉపరితలం వెనుక తెర మీద మీరు చిత్రించిన ఆకాశాన్ని తానే ప్రతిఫలిస్తుంది. అడుగున కూడా నీలం వేస్తే ఆ రంగు రెండింతలై ఈత కొలనులా కనబడుతుంది. మట్టి గోధుమ రంగులో కొద్దిగా ముదురు ఆకుపచ్చ, చిటికెడు నలుపు కలిపి మొదలుపెట్టండి. గోడ పక్కన, బార్జీల కింద దాదాపు నలుపు ఉండాలి. కాలువ మధ్యకు పోయేకొద్దీ బురద రంగు తేలాలి. రంగుల మధ్య అంచు కనబడకూడదు కాబట్టి తడి మీదే కలపాలి.

రేవు గోడ మీద మరకలు ఎలా వేయాలి?

మన తూర్పు తీరంలో పున్నమి, అమావాస్యల పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. హెచ్‌ఓలో అది 17 మి.మీ. పట్టీ. 23 మి.మీ. గోడలో నాలుగింట మూడు వంతుల దాకా ఈ పట్టీయే ఆక్రమిస్తుందని గమనించండి. గోడంతా ఒకే సిమెంటు రంగు వేసినవారి రేవు అందుకే బొమ్మలా కనబడుతుంది. నీటికి తగిలే చోట నల్లని ఆకుపచ్చ, దాని పైన అంటుకున్న గుల్లల తెల్లని గరుకుదనం, అన్నిటికన్నా పైన ఎండిన సిమెంటు, దాని మీద ఓడలను కట్టే ఇనుప దిమ్మల నుంచి కిందికి కారిన తుప్పు చారలు రావాలి. గుల్లల కోసం తడి రంగు మీద చిటికెడు మెత్తని ఇసుక చల్లితే చాలు. మన కాలువ గోడల ఫోటోల్లో ఈ గుల్లలు ఉండవు, అది మంచినీరు. మిగతా చారలన్నీ మాత్రం ఆ ఫోటోల నుంచి నిశ్చింతగా తీసుకోవచ్చు.

పట్టాలను నేలలో పూడ్చినట్టు ఎలా చేయాలి?

ఓపిక ఎక్కువగా అడిగే పని ఇదే. ముందుగా పట్టాలు వేసి, కరెంటు తీగలన్నీ అతికి, ఒక నెలరోజులు బండి నడపండి. నేల పరిచిన తరువాత తీగ ఊడితే బాగుచేయడానికి నేలను పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు.

కోడ్ 100 అనే రకం నమూనా పట్టా ఎత్తు సుమారు 2.5 మి.మీ. అందువల్ల రెండు పట్టాల మధ్య 2 మి.మీ. మందం గల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) పట్టీ పరిస్తే, రంగు వేసిన తరువాత కూడా అది పట్టా తలకన్నా వెంట్రుకవాసి కిందనే ఉంటుంది. ఇది తప్పనిసరి. నేల పట్టాతో సమంగా ఉంటే పట్టాలు తుడిచిన ప్రతిసారీ రంగు చెరిగిపోతుంది. పట్టీకి రెండు వైపులా చక్రపు అంచు తిరగడానికి ఖాళీ ఉంచాలి. మీ దగ్గర ఉన్న వ్యాగన్లలో అన్నిటికన్నా మందపాటి చక్రాలు గలదాన్ని చేత్తో తోసి చూసుకుంటూ ఆ ఖాళీని సరిచేయండి. వంపుల్లో ఇంకొంచెం ఎక్కువ కావాలి. బయటి వైపు మాత్రం సందు లేకుండా పట్టాను ఆనుకొనేలా పరచవచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసేవారు కూడా ఉన్నారు. సందులు గీకేటప్పుడు రాలే పొడి ఇంజను పళ్లచక్రాల్లోకి చేరుతుంది కాబట్టి నేను దాన్ని మానేశాను. బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పాయింట్ల కదిలే నాలుకల చుట్టూ ఏమీ పరచకండి. వీలైతే పాయింట్లన్నిటినీ పూడ్చిన భాగానికి బయటే పెట్టండి.

బార్జీలను కొనాలా, చెక్కాలా?

చెక్కాలి, చెక్కడానికి మన దగ్గర ఉన్న కలప వేరేచోట దొరకదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి తేలికైనది, మెత్తనిది, చిన్న చాకుతో తెగుతుంది, నారలు లేవవు. కళాకారులు దాన్ని ముందుగా సెగ మీద ఆరబెట్టి తేమ తీసేస్తారు. ఆ పని జరిగిన ముక్కనే అడిగి తెచ్చుకోండి. ముక్కలను అతకడానికి, సందులు పూడ్చడానికి వారు వాడే మక్కు, అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, బార్జీ అంచుల గుండ్రదనం తీర్చడానికి ఎం-సీల్ కన్నా బాగా ఒదుగుతుంది. దాని మీద పలుచని సున్నపు పూత, ఆ పైన రంగు వేస్తే చెక్క జాడ కనబడదు. నా రెండో రేవులోని బార్జీలన్నీ ఇలా చేసినవే. ఎవరైనా వాటి పేరు అడిగినప్పుడు కొండపల్లి బార్జీలని గర్వంగా చెబుతాను.

బార్జీని నీటి మట్టం దగ్గర సమంగా కోసేయాలి. నిండిన బార్జీ లోతుకు దిగి ఉంటుంది, ఖాళీది పైకి తేలి పక్కల తుప్పును చూపిస్తుంది. రెండు రకాల ఎత్తులు చేసి పక్కపక్కన కడితే, సరుకు ఎటు పోతోందో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది.

బస్తాలు, హమాలీల సంగతి ఏమిటి?

కాకినాడ నుంచి ఎక్కువగా పోయేది బియ్యం. ఎన్ స్కేలు వారికి ఒక అదృష్టం ఉంది: మన సన్న బియ్యపు గింజ సుమారు 5 మి.మీ. పొడవు ఉంటుంది, 1:160లో అది 80 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక బస్తా. బియ్యపు గింజతోనే బియ్యపు బస్తా చేయడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. వార్నిష్‌లో ముంచి ఆరబెట్టకపోతే మాత్రం ముక్కపురుగు పడుతుంది. హెచ్‌ఓలో ఎం-సీల్‌ను పెన్సిలుకన్నా సన్నగా చుట్టి, 9 మి.మీ. ముక్కలుగా కోసి, రెండు చివరలూ నొక్కండి. మెత్తగా ఉండగానే ఒకదాని మీద ఒకటి పేర్చితే కింది బస్తా బరువుకు నలిగినట్టు వస్తుంది.

విదేశీ బొమ్మల మనుషులు టోపీలు, కోట్లతో వస్తారు. వారి కాళ్లకు కాగితపు లుంగీ చుట్టి, తలకు గోనె ముసుగు వేయవచ్చు. 19 మి.మీ. మనిషిలో ముఖం ఎవరూ చూడరు, నడుము వంపే చూస్తారు. బరువు మోసేవాడి మోకాళ్లు వంగి ఉండాలి. బరువు దింపి తిరిగి వచ్చేవాడు నిటారుగా ఉండాలి.

ఏ ఇంజను, ఏ వ్యాగన్లు?

రేవుల్లో, ఉక్కు కర్మాగారాల్లో షంటింగుకు, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరపడానికి, వాడిన సుమారు 1350 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎస్-6 డీజిల్ ఇంజను ఈ దృశ్యానికి తగినది. బియ్యానికి, ఎరువులకు కప్పు ఉన్న బీసీఎన్ వ్యాగన్లు కావాలి. బొగ్గు, ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లను బస్తాల పక్కన నిలబెట్టడం పొరపాటు. బీసీఎన్ ఒక్కొక్కటి హెచ్‌ఓలో సుమారు 17.7 సెంటీమీటర్లు, 40 వ్యాగన్ల రేకు 7 మీటర్లు దాటుతుంది. మూడు వ్యాగన్లను గోడౌను ముందు నిలిపి, నాలుగోదాన్ని గోడ చాటున సగం దాచండి. మిగతా రేకును చూసేవారే ఊహించుకుంటారు.

కృష్ణ ఇసుకను వాడవచ్చా?

కడిగి, జల్లించి, ఎండబెట్టి వాడవచ్చు. ముందుగా ఒక అయస్కాంతాన్ని పలుచని కవరులో చుట్టి ఇసుకలో తిప్పండి. నల్లని రేణువులు అంటుకుంటాయి. అవి బల్ల మీద మిగిలితే ఇంజను మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంటుంది.

మన ఎండలకు పట్టాలు వంగవా?

నికెల్ సిల్వర్ పట్టా 1 మీటరు పొడవుకు 20 డిగ్రీల తేడాలో సుమారు మూడో వంతు మి.మీ. సాగుతుంది. డిసెంబరులో పట్టాలు వేసేవారు అతుకుల మధ్య ఒక విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలాలి; మే నెలలో వేసేవారు అతుకులను దాదాపు కలిపేయవచ్చు. పూడ్చిన పట్టాల దగ్గర ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే వంగిన పట్టా నేలను కూడా ఎత్తుతుంది.

రేవుల లోపలికి వెళ్లి ఫోటోలు తీసుకోవచ్చా?

అనుమతి లేకుండా వెళ్లకూడదు, తీయకూడదు. రేవుల్లో భద్రతా నియమాలు కఠినంగా ఉంటాయి. విశాఖలో నౌకాదళం కూడా ఉంది. కాకినాడలో జగన్నాథపురం వంతెన మీద నడుస్తూ కాలువను, పడవలను కళ్లారా చూడవచ్చు. నేను అక్కడ నోటుపుస్తకంలో గీసుకున్న బొమ్మలు ఫోటోలకన్నా ఎక్కువ పనికివచ్చాయి. గీసేటప్పుడు ఏ తాడు ఎక్కడికి పోతుందో తెలుసుకోక తప్పదు.

దీపాలు పెట్టాలా?

కొన్ని చాలు. 12 వోల్టుల సరఫరాకు తెల్ల ఎల్ఈడీతో 1 కిలో ఓము రెసిస్టరు కలిపితే సుమారు 9 మిల్లీఆంపులు పారుతుంది. గోడౌను ద్వారం మీద అది సరైన వెలుగు. పసుపు ఛాయ గలవాటిని ఎంచుకోండి. గదిలో దీపం ఆర్పి, ఆ ఒక్క వెలుగు నీటి మీద పొడవుగా పడేలా బల్బును అంచుకు జరుపుతూ సరైన చోటు వెతకాలి. నాకు దానికి మూడు సాయంత్రాలు పట్టింది.

దుమ్మును ఎలా ఆపాలి?

వార్నిష్ వేసిన నీరు దుమ్మును దాచదు. పని లేనప్పుడు పాత నేత చీర కప్పండి. ప్లాస్టిక్ షీటు కింద వానాకాలంలో తేమ చేరుతుంది. నీటిని నెలకొకసారి మెత్తని వెడల్పు కుంచెతో, గోడ వైపు నుంచి బయటికి, బార్జీల తాళ్లకు తగలకుండా తుడవాలి.